రక్షణ మంత్రి గారికి ఒక మాజీ హవల్దార్ బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర రక్షణ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. నేను 1988లో సైన్యంలో చేరి, 24 ఏళ్లు పనిచేసి, 2012లో హవల్దార్‌గా పదవీ విరమణ చేశాను. మాది పశ్చిమ గోదావరి జిల్లా. ఇంటింటా సైనికులున్న ఊరుగా పేరుపడ్డ మిలటరీ మాధవరం మాకు దగ్గరే. సెలవుల మీద వచ్చే అక్కడి జవాన్లను చూసే నాకు ఆ యూనిఫాం మీద మనసు పడింది. కాబట్టి ఈ లేఖ సైన్యం మీద కోపంతో రాస్తున్నది కాదు. నాకు అన్నం పెట్టిన సైన్యం స్వలింగ ప్రేమికులైన సైనికుల విషయంలో ఒక తప్పు చేస్తూ, ఆ తప్పుకు నాలాంటి జవాన్లను కారణంగా చూపిస్తోంది. ఆ బాధతో రాస్తున్నాను.

కాశ్మీరులో ఒక పోస్టులో ఉన్నప్పుడు నా పక్క మంచం ఒక తెలుగు జవానుది. అతని పేరు చెప్పను. వారానికొక ఇన్‌ల్యాండ్ లెటర్ రాసేవాడు. 56 ఏపీవో అనే సైనిక తపాలా చిరునామాకు అతనికి జవాబులు వచ్చేవి. టపా సంచి వచ్చిన రోజు మాకు పండుగ. ఇంటి నుంచి వచ్చిన ఉత్తరాలు పైకి చదువుకోవడం అక్కడ మామూలే. ఎవరి భార్య ఏం రాసిందో సగం బ్యారక్‌కు తెలిసేది. అతను మాత్రం తన ఉత్తరాన్ని చొక్కా లోపల దాచుకుని కాపలాకు వెళ్లిపోయేవాడు. ఎవరు రాశారని అడిగితే ఒక అమ్మాయి పేరు చెప్పేవాడు.

ఒకసారి అతనికి తీవ్రంగా జ్వరం వచ్చింది. తల ఎత్తలేని స్థితిలో, వచ్చిన ఉత్తరం చదివి పెట్టమని నన్ను అడిగాడు. కింద సంతకం ఆ అమ్మాయి పేరుతోనే ఉంది. చదువుకుంటూ వెళ్తే మధ్యలో ఒకచోట, “నిన్న గడ్డం గీసుకుంటూ నిన్నే తలుచుకున్నాను, గాటు పడింది” అని ఉంది. ఒక్క క్షణం ఆగాను. అతను కళ్లు మూసుకునే ఉన్నాడు. ఆ వాక్యం వదిలేసి తర్వాతి వాక్యం చదివాను. దాని గురించి ఆ రోజు గానీ, సర్వీసులో ఉన్నన్నాళ్లు గానీ మేమిద్దరం మాట్లాడుకోలేదు. హవల్దార్‌గా పదోన్నతి రాబోతుండగా, పదిహేనేళ్లు నిండి పింఛను ఖాయం కాగానే అతను ఇంటికి వెళ్లిపోయాడు. మా అందరిలోకి గురి బాగా కుదిరినవాడు, మంచులో కూలబడిన జవానును భుజాన వేసుకుని కిందికి దించినవాడు. ఎందుకు వెళ్లిపోయాడో నేను పదవీ విరమణ చేసి వచ్చాక చెప్పాడు. ఆ ఉత్తరాల్లో ఒక్కటి ఎవరి చేతిలోనైనా పడితే ఉద్యోగం, పింఛను, ఊళ్లో పరువు అన్నీ పోతాయని పదిహేనేళ్లు సరిగా నిద్రపోలేదట.

మంత్రి గారూ, ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 1950 నాటి సైనిక చట్టం 46వ సెక్షన్ “క్రూరమైన, అసభ్యమైన లేదా అసహజమైన” అవమానకర ప్రవర్తనకు ఏడేళ్ల వరకు జైలు శిక్ష విధించవచ్చని చెబుతోంది. వైమానిక దళ చట్టంలోనూ ఇవే మాటలు. నిజానికి ఈ మాటలు మనవి కావు. 1881 నాటి బ్రిటిష్ సైనిక చట్టం 18వ సెక్షన్‌లో ఈ మూడు విశేషణాలూ ఇదే వరుసలో ఉన్నాయి. స్వతంత్రం వచ్చాక చట్టాన్ని మన పేరు మీద రాసుకున్నాం గానీ, ఆ వాక్యాన్ని అలాగే దింపుకున్నాం.

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన భారత శిక్షాస్మృతి 377వ సెక్షన్‌పై తీర్పు ఇచ్చింది. ఒకే లింగానికి చెందిన వయోజనులు పరస్పర అంగీకారంతో కలిసి ఉండటం నేరం కాదని తేల్చింది. చరిత్ర వీరికీ, వీరి కుటుంబాలకూ క్షమాపణ చెప్పుకోవాలని జస్టిస్ ఇందూ మల్హోత్రా రాశారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అయితే ఆ సెక్షనే లేదు. సైనిక చట్టంలో “అసహజమైన” అన్న మాట మాత్రం చెక్కుచెదరలేదు. తీర్పు వచ్చిన నాలుగు నెలలకు, 2019 జనవరి 10న, అప్పటి సైన్యాధిపతి దివంగత జనరల్ బిపిన్ రావత్ గారు సైన్యం సంప్రదాయాలను పాటించే సంస్థ అనీ, ఇలాంటివి సైన్యంలోకి రానివ్వబోమనీ విలేకరులతో అన్నారు. ఆయనంటే నాకు గౌరవం. కానీ రానివ్వకపోవడం అనే ప్రశ్న ఎక్కడిది? వాళ్లు ఎప్పటి నుంచో ఉన్నారు. నా పక్క మంచం మీదే ఉన్నారు.

ఈ చట్టాన్ని మనకిచ్చిన బ్రిటన్‌లో తర్వాత ఏం జరిగిందో మీ శాఖ అధికారులకు తెలిసే ఉంటుంది. అక్కడ 1967లో పౌరుల విషయంలో చట్టం మారింది, సైన్యానికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. 1994లో జైలు శిక్ష తీసేశారు, ఉద్యోగం నుంచి తొలగించడం ఆపలేదు. సైనిక పోలీసులు అల్మారాలు వెతికారు, ఉత్తరాలు విప్పి చదివారు, నర్సులనూ అధికారులనూ గదుల్లో కూర్చోబెట్టి పడకగది సంగతులు అడిగారు. నౌకాదళంలో దాదాపు 18 ఏళ్లు రేడియో ఆపరేటర్‌గా పనిచేసిన జో ఔసలిస్ ఫాక్‌లాండ్స్ యుద్ధంలో పాల్గొన్నవాడు. 1993లో కోర్టు మార్షల్ ముగిశాక ఒకరు పెద్ద కత్తెర తెచ్చి, అతని ఛాతీ మీది పతకాన్ని కత్తిరించి తీసుకున్నారు. అది దీర్ఘకాలం సత్ప్రవర్తనతో పనిచేసినందుకు ఇచ్చిన పతకం. దాన్ని తిరిగి ఇచ్చింది 2020 జనవరిలో. ఆ కత్తెర సంగతి చదివిన రోజు నేను బీరువాలోంచి నా పతకాలు తీసి, వాటి రిబ్బన్ల మీద వేళ్లు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. శత్రువు కాల్చితే పోయే ప్రాణం సంగతి వేరు. సొంత పల్టన్ కత్తెర పట్టుకుని వస్తే ఆ మనిషికి ఇక ఏం మిగులుతుంది?

ఉద్యోగాలు పోగొట్టుకున్న నలుగురు యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్లి 1999 సెప్టెంబరులో గెలిచారు. వాళ్ల పనితీరు మీద వేలెత్తి చూపడానికి ప్రభుత్వం దగ్గర ఏమీ లేదు. తోటి సైనికులు ఒప్పుకోరన్నదే దాని వాదన. తోటివారి దురభిప్రాయం ఒకరి హక్కును తీసేయడానికి సరిపోదని కోర్టు చెప్పింది. 2000 జనవరి 12న నిషేధం పోయింది. క్రమశిక్షణ కుప్పకూలుతుందన్నవాళ్ల భయాలేవీ నిజం కాలేదు. 2023 జూలైలో ప్రధానమంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. తొలగించినవారికి 2024 డిసెంబరులో 50,000 పౌండ్ల చొప్పున పరిహారం ప్రకటించారు. 2025 అక్టోబరులో స్టాఫర్డ్‌షైర్‌లో రాజు చార్లెస్ ఒక స్మారకాన్ని ఆవిష్కరించారు. అది నలిపేసిన ఉత్తరం ఆకారంలో ఉన్న కంచు శిల్పం. నాడు సాక్ష్యాలుగా వాడుకున్న ఉత్తరాల్లోని మాటలనే దాని మీద చెక్కారు. ఆ ఫొటో చూసినప్పుడు నాకు నేను చదవకుండా వదిలేసిన ఆ గడ్డం వాక్యం గుర్తొచ్చింది.

1967 నుంచి 2000 దాకా 33 ఏళ్లు. మనకు ఆ లెక్క 2018లో మొదలైంది.

ఇప్పుడు నన్ను అన్నిటికంటే ఎక్కువగా నొప్పించే మాట దగ్గరికి వస్తాను. ‘పల్లెల నుంచి వచ్చిన జవాన్లు ఒప్పుకోరు’ అనే మాట. ఆడవాళ్లు దళాలకు నాయకత్వం వహించే విషయంలోనూ ప్రభుత్వం ఇదే చెప్పింది. గ్రామీణ నేపథ్యం ఉన్న జవాన్లు మహిళా అధికారుల ఆదేశాలను స్వీకరించే మానసిక స్థితిలో లేరని సుప్రీంకోర్టుకు నివేదించింది. 2020 ఫిబ్రవరి 17న కోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. నేను పల్లెటూరివాణ్ణే. పదో తరగతితో సైన్యంలో చేరాను. తినే తిండి, మొక్కే దేవుడు, మాట్లాడే భాష ఏదీ కలవని వాళ్లతో ఒకే లంగరులో, అంటే సైనికుల వంటశాలలో తిన్నాను, ఒకే బంకరులో పడుకున్నాను. ఒప్పుకుంటావా అని మమ్మల్ని ఎవరూ అడగలేదు. ఆదేశం ఇచ్చారు, నేర్చుకున్నాం, తర్వాత అన్నదమ్ములమయ్యాం. అలాంటి మా మనసు ఇరుకని మీకు ఎవరు చెప్పారు?

రాజ్యాంగం 33వ అధికరణం సైనికుల హక్కులను పరిమితం చేసే అధికారం పార్లమెంటుకు ఇచ్చిందని నాకు తెలుసు. క్రమశిక్షణ కోసం ఆ పరిమితులన్నిటినీ నేను పాటించాను. కానీ సెలవులో సొంత ఊళ్లో, సొంత గదిలో ఎవరిని ప్రేమించాడన్నది కాపలా డ్యూటీకి ఏ విధంగా అడ్డం? బలవంతం చేసినవాణ్ణి, కింది ర్యాంకు వాడి మీద అధికారం చూపి లొంగదీసుకున్నవాణ్ణి కఠినంగా శిక్షించాల్సిందే. నేను రాస్తున్నది వాళ్ల గురించి కాదు.

అమెరికాలో, తమ సంగతి బయటపడిన స్వలింగ ప్రేమికులను సైన్యం నుంచి తొలగించే ‘అడగవద్దు, చెప్పవద్దు’ అన్న విధానం కింద 13,000 మందికి పైగా ఉద్యోగాలు పోయాక, 2011లో దాన్ని ఎత్తేశారు. మన సైన్యం వదిలి వచ్చిన ఒక మేజర్ 2020లో తన సంగతి ధైర్యంగా చెప్పుకుంటే, ఆ స్ఫూర్తితో రాసిన సినిమా కథకు 2022లో మీ శాఖ అనుమతి నిరాకరించింది. కథలో కూడా అలాంటి సైనికుడు ఉండకూడదా?

మీరు చేయవలసింది పెద్ద పనేమీ కాదు. సైనిక, వైమానిక దళ చట్టాల 46వ సెక్షన్‌లో “అసహజమైన” అన్న ఒక్క మాట తీసేయించండి. పరస్పర అంగీకారంతో ఉన్న సంబంధం కారణంగా ఎవరినీ శిక్షించరాదనీ, ఇంటికి పంపరాదనీ రాతపూర్వక ఆదేశం ఇవ్వండి. ఆ ఆదేశాన్ని ఫైళ్లలో ఉంచకుండా, సైనిక సమ్మేళనాల్లో జవాన్ల ముందు చదివించండి. ఈ కారణంతో గతంలో ఉద్యోగం పోయినవాళ్లు దరఖాస్తు చేసుకుంటే, వాళ్ల కాగితాలు మళ్లీ చూడండి.

ఈ లేఖను పంపే ముందు నా మిత్రుడికి ఫోనులో చదివి వినిపించాను. చివరిదాకా ఏమీ మాట్లాడలేదు. జ్వరం వచ్చిన రోజు నేను ఒక వాక్యం వదిలేశానని అతనికి అప్పుడే తెలుసట. తర్వాత, తన రెజిమెంటు పేరు ఎక్కడా రాయలేదు కదా అని రెండుసార్లు అడిగాడు. రాయలేదని చెప్పాను.

ఇట్లు,
ఒక మాజీ హవల్దార్,
పశ్చిమ గోదావరి జిల్లా