నా మెగ్గర్‌ది ఒక నంబరు, మీ సర్టిఫికెట్‌ది ఇంకో నంబరు

కస్టమర్ కేర్ విభాగం పెద్దలకు,

విషయం: వైర్ల ఇన్సులేషన్ కొలిచే నా మెగ్గర్ మీటరు కాలిబ్రేషన్ సర్టిఫికెట్‌లో తప్పు నంబరు గురించి ఆరోసారి రాస్తున్న ఫిర్యాదు.

అయ్యా, లేదా అమ్మా,

‘పెద్దలకు’ అని రాశాను గానీ, ఆ కుర్చీలో మనిషి ఉన్నారో లేదో నాకు తెలీదు. మూడు నెలల్లో మీ కంపెనీలో 11 మందితో మాట్లాడాను. అందరూ ‘పైవాళ్లకు పంపాం సార్’ అన్నవాళ్లే. ఆ పైవాళ్లు మేడ మీద ఉంటారో మబ్బుల మీద ఉంటారో ఒక్కరూ చెప్పలేదు. ఇప్పటికి ఐదు మెయిళ్లు పెట్టాను. ఈసారి కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో వేస్తున్నాను. సంతకం పెట్టి తీసుకోవడానికైనా ఒక మనిషి ఉండాలి కదా.

నాది అనంతపురం. ఎలక్ట్రికల్ కాంట్రాక్టు లైసెన్సు మీద బతుకుతున్నాను. నేను, నా దగ్గర ఇద్దరు కుర్రాళ్లు, ఒక మోపెడ్, అంతే సంస్థ. తాడిపత్రి బండల పాలిష్ యూనిట్లు, రైస్ మిల్లులు, బోరు మోటార్ల ప్యానెళ్లు చేస్తుంటాం. 2009లో మీ మల్టీమీటర్ మొదటిసారి కొన్నప్పుడు మా ఆవిడ కమ్మలు కుదువలో ఉన్నాయి. అందులో పావు ధరకు వేరే మీటరు దొరికేది. ‘కరెంటుతో పని, మీటరు దగ్గర కక్కుర్తి పడకూడదు’ అని మీదే కొన్నాను. ఆ తర్వాత టాంగ్ టెస్టర్, ఎర్త్ టెస్టర్, మెగ్గర్, అన్నీ మీవే. గుత్తి నుంచి ధర్మవరం దాకా నాకు తెలిసిన ఎలక్ట్రీషియన్లలో కనీసం పది మందికి మీ మీటర్లు నేనే చెప్పి కొనిపించాను. దానికి మీరు నాకు కమీషన్ ఇవ్వలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు వాళ్లే నన్ను చూసి నవ్వుతున్నారు.

సంగతి చిన్నదే. మార్చిలో మూడు మీటర్లు కాలిబ్రేషన్‌కని, అంటే ఎంత సరిగ్గా చూపిస్తున్నాయో పరీక్షించమని, మీ బెంగళూరు సెంటరుకు కొరియర్ చేశాను. 19 రోజులకు తిరిగొచ్చాయి. ఎర్త్ టెస్టర్ కాగితం బాగుంది, టాంగ్ టెస్టర్‌దీ బాగుంది. మెగ్గర్ సీరియల్ నంబరు చివర 0358. మీ సర్టిఫికెట్‌లో 0538. నేను చూసుకోలేదు, ఒప్పుకుంటాను. కొత్త స్టిక్కరు తళతళలాడుతుంటే చూసి సంతోషపడి పెట్టెలో పెట్టేశాను.

చూసింది తనిఖీకి వచ్చిన అధికారి. తాడిపత్రిలో ఒక పాలిష్ యూనిట్‌కు కొత్త ప్యానెల్ వేసి, కేబుళ్లకు మెగ్గర్ చేసి, రీడింగులు రాసి ఫైలు పెట్టాం. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, మెగ్గర్‌ను బోర్లా తిప్పి, వెనక ప్లేటు మీద బండపొడిని బొటనవేలితో తుడిచారు. ఇంకో చేతి వేలు సర్టిఫికెట్ మీద పెట్టి ఒక్కో అంకె పైకి చదివారు. ‘సున్నా, మూడు... ఇక్కడ సున్నా, ఐదు. ఇది వేరే మీటరు కదయ్యా’ అన్నారు. యూనిట్ ఓనరు నా వైపు చూసిన చూపు మీ టికెట్ సిస్టంలో ఏ గడిలో రాయాలో నాకు తెలీదు.

ఆ అధికారి మీద నాకు కోపం లేదు. ఆయన చేసిందే సరైన పని. లో వోల్టేజీ వైరింగ్‌కు 500 వోల్టుల డీసీ ఒక నిమిషం పాటు ఇచ్చి చూస్తే ఇన్సులేషన్ రెసిస్టెన్స్ కనీసం 1 మెగాఓమ్ ఉండాలి. ఆ ఒకటి నిజంగా ఒకటేనా, లేక మీటరు అబద్ధం చెబుతోందా అని తెలియడానికే కదా ఈ కాలిబ్రేషన్ అంతా. మీటరు అరను పట్టుకుని ఒకటి అని చూపిస్తే, రేపు తడి చేత్తో మోటారు బాడీ పట్టుకునే కూలీకి ఆ తేడా తెలుస్తుంది. పాలిష్ యూనిట్‌లో నేల ఎప్పుడూ తడే.

మీ సర్టిఫికెట్ కింద చిన్న అక్షరాల్లో ఒక లైన్ ఉంటుంది. ఈ ఫలితాలు కాలిబ్రేట్ చేసిన ఆ పరికరానికి మాత్రమే వర్తిస్తాయి అని. మీరే అచ్చు వేసుకున్నారు. అంటే మీ మాట ప్రకారమే ఆ కాగితం నా మీటరుకు వర్తించదు. నేను ఎవరిని అడిగినా అడుగుతున్నది ఇదొక్కటే: అది టైపింగులో జరిగిన తప్పా, లేక ఇంకెవరి మెగ్గర్ రీడింగులైనా నాకు పంపారా? టైపింగు తప్పయితే సరిచేసిన కాగితం పంపండి. వేరే మీటరు రీడింగులైతే నాది మీరు ముట్టుకోనే లేదని అర్థం. ‘ఇది’ లేదా ‘అది’, ఒక్క మాట. ఆ ఒక్క మాటకు మూడు నెలలు.

మొదటి ఫోను నాకు బాగా గుర్తుంది. ‘తెలుగు కోసం 4 నొక్కండి’ అంది మిషను. నొక్కాను. 22 నిమిషాలు పిల్లనగ్రోవి వినిపించి, మధ్యమధ్యలో మీ కాల్ మాకు చాలా ముఖ్యం అని చెప్పి, చివరికి ఒకాయన హిందీలో పలికాడు. నా హిందీ ఎంత బాగుంటుందంటే, ఆయన ‘రీడింగ్ నహీ ఆ రహా హై క్యా’ అని మూడుసార్లు అడిగాడు. రీడింగ్ వస్తోంది నాయనా, కాగితం మీద నంబరు తప్పు అన్నాను. టికెట్ రాశాడు. మరుసటి రోజు మెసేజ్ వచ్చింది: ‘మీటర్ పనిచేయడం లేదు’ అన్న మీ ఫిర్యాదు నమోదైంది.

రెండోసారి ఒక అమ్మాయి. తెలుగే, మంచి మర్యాదగా మాట్లాడింది. అంతా ఓపిగ్గా విని, ‘బ్యాటరీ మార్చి చూశారా సార్?’ అంది. అమ్మా, బ్యాటరీ మారిస్తే సర్టిఫికెట్‌లో అంకెలు తారుమారవుతాయా అన్నాను. ‘ప్రొసీజర్ ప్రకారం అడగాలి సార్’ అంది. ఆ పిల్లను ఏమనను? ఆమె ముందు కాగితం మీద ఉన్న ప్రశ్నల్లో నా ప్రశ్న లేదు.

మూడో ఆయన ఇంకో మెట్టు ఎక్కాడు. ‘కాలిబ్రేషన్ అయింది అంటే మీటర్ కరెక్ట్‌గా ఉందని అర్థం సార్, నంబర్ గురించి టెన్షన్ పడొద్దు’ అన్నాడు. మీ కంపెనీ మనిషే ఈ మాట అన్నాడు. కాలిబ్రేషన్ అంటే మీటరును బాగుచేయడం కాదు, సరిగ్గా ఉందని దీవించడమూ కాదు. విలువ ముందే కచ్చితంగా తెలిసిన ప్రామాణికం పక్కన పెట్టి, ఇది ఎంత తేడా చూపిస్తోందో, ఆ కొలతలో కూడా ఎంత అనిశ్చితి ఉందో రాసివ్వడం. ఆ ప్రామాణికాన్ని ఇంకా పెద్ద ప్రామాణికంతో, అలా పైపైకి పోతే చివరికి ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ లాంటి చోటు దాకా ఆ గొలుసు తెగకుండా ఉండాలి. మధ్యలో ఒక్క లింకు తెగినా ఆ కాగితం చిత్తు కాగితమే. మీ గొలుసు ఢిల్లీ దాకా గట్టిగానే ఉందేమో. బెంగళూరులో టైపు కొట్టే బల్ల దగ్గర తెగింది.

ఇక మీ వాట్సాప్ సహాయకురాలు. ‘హాయ్! మీకు ఎలా సహాయపడగలను?’ అంటూ చెయ్యి ఊపే బొమ్మ. ‘సర్టిఫికెట్‌లో సీరియల్ నంబరు తప్పు’ అని పెట్టాను. వెంటనే కొత్త మెగ్గర్ల క్యాటలాగు, 12 శాతం డిస్కౌంటు. మొత్తం 11 మందిలో వెంటనే స్పందించింది ఆ బొమ్మ ఒక్కటే.

ఏప్రిల్ ఆఖర్లో టికెట్ మూసేశారు. కారణం: కస్టమర్ అందుబాటులో లేరు. మూసిన సమయం రాత్రి 11:40. ఆ రోజు నా ఫోనుకు మీ నుంచి ఒక్క మిస్డ్ కాల్ లేదు, స్క్రీన్‌షాట్ దాచిపెట్టాను. మళ్లీ తెరిపిస్తే, ‘ఇది ఎస్కలేషన్ మేనేజర్ చూస్తారు’ అన్నారు. ఆయన లీవులో ఉన్నారు. తర్వాతి వారం ట్రైనింగులో ఉన్నారు. ఆ తర్వాత ఆ సీటు మారింది, కొత్తాయనకు ‘కేసు మొదటి నుంచి చెప్పండి’ అన్నారు. చెప్పాను. అంతా విని, ‘మీటర్ మళ్లీ పంపండి, కొత్తగా కాలిబ్రేషన్ చేస్తాం, చార్జీ, జీఎస్టీ, రానూపోనూ కొరియర్ మీదే’ అన్నాడు. అంటే తప్పు మీరు చేయాలి, బిల్లు నేను కట్టాలి. మా తాడిపత్రి బండల వ్యాపారులు కూడా ఇంత ధైర్యంగా బేరం ఆడరు.

ఫోన్ల వల్ల కాదని మే నెలలో నేనే వచ్చాను. తెల్లవారుజామున బస్సెక్కి, మెగ్గర్ ఒళ్లో పెట్టుకుని బెంగళూరు దిగాను. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన రిజిస్టరులో వస్తువు సీరియల్ నంబరు రాయాలన్నాడు. ప్లేటు చూసి, పెన్సిలుతో ఒక్కో అంకె రాసి, రాసింది మళ్లీ పైకి చదివి నాకు వినిపించాడు. 0358. మొదటిసారికే. దయచేసి ఆయన్ని ల్యాబులోకి మార్చండి.

లోపల రిసెప్షన్‌లో గంటన్నర కూర్చున్నాను. ఏసీ బాగుంది, అది మాత్రం ఒప్పుకోవాలి. గోడ మీద అద్దాల ఫ్రేములో, ల్యాబులకు గుర్తింపు ఇచ్చే ఎన్ఏబీఎల్ వాళ్ల పత్రం. ల్యాబుల కోసం పెట్టిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ/ఐఈసీ 17025 ప్రకారం నడిచే ల్యాబు అని. చివరికి ఒక అబ్బాయి వచ్చి, ల్యాబులోకి కస్టమర్లకు అనుమతి లేదు, మెయిల్ పెట్టండి అన్నాడు. మెయిలుకు జవాబు రాకే వచ్చాను బాబూ అంటే, ‘ఇక్కడికి వచ్చినట్టు కూడా మెయిల్‌లో రాయండి సార్’ అన్నాడు. తిరుగు బస్సులో రాశాను. దానికీ జవాబు లేదు.

ఆ ఫ్రేములో ఉన్న 17025ను మీరు ఎప్పుడైనా తెరిచి చదివారా? నేను చదివించుకున్నాను, మా బావమరిది పాలిటెక్నిక్‌లో చెబుతాడు. ఫిర్యాదు తీసుకోవడానికి ల్యాబుకు రాతపూర్వకమైన పద్ధతి ఉండాలట. వీలైనంత వరకు ఫిర్యాదు అందిందని చెప్పాలట, ఎక్కడిదాకా వచ్చిందో తెలపాలట. ఆ పని చేసిన మనిషి కాకుండా వేరేవాళ్లు చూసి తేల్చాలట. మీ దగ్గర ఈ చివరిది మాత్రం నూటికి నూరుపాళ్లు పాటిస్తున్నారు. వేరేవాళ్లే చూస్తున్నారు, రోజుకొకరు.

ఈలోగా పాలిష్ యూనిట్ ఓనరు నా బిల్లు ఆపాడు. తెలిసినాయన దగ్గర మెగ్గర్ రోజుకు 800 అద్దెకు తెచ్చి, 40 డిగ్రీల ఎండలో ఆ కేబుళ్లన్నీ విప్పి మళ్లీ టెస్ట్ చేశాం. వేడెక్కిన కేబులుకు ఇన్సులేషన్ రీడింగు పడిపోతుంది కాబట్టి, మర్నాడు పొద్దున్నే ఆరు గంటలకు వెళ్లి ఇంకోసారి చేయాల్సి వచ్చింది. నాకు ఆ అద్దె డబ్బు కావాలా? కావాలి, ఎందుకొద్దు. కానీ దానికోసం కాదు ఈ ఉత్తరం. మూడు నెలలు నన్ను మనిషిగా లెక్కేయలేదు, అదీ నా బాధ. సరిచేసిన సర్టిఫికెట్టో, కొత్త కాలిబ్రేషనో, ఏదో ఒకటి మీరే తేల్చండి. ముందు ఒక మనిషి, పేరు చెప్పుకోగలిగిన మనిషి, ఫోన్ చేసి ‘తప్పు మాదే’ అనాలి.

15 రోజులు చూస్తాను. ఆ తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను, అనంతపురంలోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. ‘మీరు వ్యాపారస్తులు, వినియోగదారులు కారు’ అని మీ లాయరు అంటాడని నాకు తెలుసు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే స్వయం ఉపాధితో పొట్టపోసుకునేవాళ్లకు మినహాయింపు ఉంది, అదీ చదివించుకున్నాను. ఎన్ఏబీఎల్‌కు కూడా రాస్తాను, రెండు నంబర్ల ఫొటోలూ పక్కపక్కన పెట్టి. నేను కొనిపించిన ఆ పది మందికి కూడా చెబుతాను. దానికి మాత్రం 15 రోజులు ఆగను, రేపే సాయంత్రం సప్తగిరి సర్కిల్ దగ్గర టీ తాగేటప్పుడు మొదలుపెడతాను.

ఫోన్ చేసేవాళ్లు దయచేసి బ్యాటరీ గురించి అడగవద్దు.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
అనంతపురం.

తా.క.: ఈ ఉత్తరం రాస్తూ నంబరు ఇంకోసారి సరిచూద్దామని మెగ్గర్ సంచి మొత్తం బోర్లించాను. అడుగు అరలోంచి ఒక ఎర్ర క్లిప్పు వైరు పడింది. నాది కాదు, నావి రెండూ ఉన్నాయి. దాని మెడకు నీలం టేపు చుట్టి, పెన్నుతో ‘పంప్‌హౌస్ 2’ అని రాసి ఉంది. ఎవరో జాగ్రత్తగా పనిచేసే మనిషి. మీ ల్యాబులో నా మెగ్గర్ పక్కన ఆయనది ఉండి ఉంటుంది. 0538 ఆయనదేనేమో కనుక్కుని, ఆయన చేతిలో ఏ నంబరు కాగితం ఉందో అడగండి. అడ్రసు పంపితే వైరు నేను పంపిస్తాను. కొరియర్ ఖర్చు మాత్రం మీదే.