ఒత్తు జరిగే చోటు కూడా నేర్పాలి

సంపాదకులకు నమస్కారం.

ఇంటర్ విద్యార్థుల చేత ఇంగ్లీషు మాటల్లో సిలబుల్స్ (ఒక్క ఊపులో పలికే ముక్కలు) లెక్కపెట్టిస్తున్నాం, స్ట్రెస్ (ఒత్తు, అంటే బలంగా పలికే చోటు) గుర్తు పెట్టిస్తున్నాం. మంచిదే. కానీ రెండు మాటలు కలిసిన విశేషణాలను విడిగా బట్టీ పట్టిస్తే సగం పాఠమే అందుతుంది.

'బ్యాడ్-టెంపర్డ్' చూడండి. డిక్షనరీలో 'బ్యాడ్'కు ముందు కింద ఒక చిన్న గీత, 'టెం'కు ముందు పైన ఒక గీత ఉంటాయి. పై గీత అసలు ఒత్తు, కింది గీత దానికన్నా తేలిక. గీత తన తర్వాతి సిలబుల్‌కు చెందుతుంది; ముందున్నదానికి అనుకుని పిల్లలు మార్కులు పోగొట్టుకుంటారు. 'హి ఈజ్ బ్యాడ్-టెంపర్డ్' అన్నప్పుడు బలం 'టెం' మీదే. అదే 'ఎ బ్యాడ్-టెంపర్డ్ టీచర్' అంటే, 'టీ' మీద పెద్ద ఒత్తు ఉంది కనుక రెండూ దగ్గరదగ్గరగా పడకుండా విశేషణంలోని బలం 'బ్యాడ్' మీదికి జరుగుతుంది. 'థర్టీన్' విడిగా పలికితే 'టీన్' మీద, 'థర్టీన్ స్టూడెంట్స్'లో 'థర్' మీద పడేదీ ఇందుకే. 'హోమ్‌సిక్', 'వాటర్‌ప్రూఫ్' వంటి వాటిలో ఒత్తు మొదటినుంచీ తొలిమాట మీదే. అక్కడ జరిగేదేమీ ఉండదు.

సిలబుల్స్ లెక్క తప్పేది మాట చివరి 'ఈడీ' (-ed) దగ్గర. 'ఓల్డ్-ఫ్యాషన్డ్'ను 'ఫ్యాషనెడ్' అని సాగదీసి నాలుగు చేస్తారు, ఉన్నవి మూడే. 'ఈడీ'కి ముందు ట, డ ధ్వనులుంటేనే అది విడి సిలబుల్: 'షార్ట్-సైటెడ్', 'కైండ్-హార్టెడ్' మూడేసి. 'బ్లూ-ఐడ్' రెండే. ('త్రీ-లెగ్డ్'లో 'లెగిడ్' అని పలికేవాళ్లూ ఉన్నారు, అది వేరే సంగతి.) 'బ్లూ-ఐడ్'లో 'ఈడీ' చేరింది క్రియకు కాదు, 'ఐ' (కన్ను) అనే నామవాచకానికి. ఈ సంగతి చెప్పకపోవడం వల్లే 'బ్లూ-ఐ గర్ల్' అని రాస్తున్నారు. 'ఎ ఫైవ్-ఇయర్-ఓల్డ్ బాయ్'లో 'ఇయర్స్' రాదు, 'ది బాయ్ ఈజ్ ఫైవ్ ఇయర్స్ ఓల్డ్'లో తప్పదు, అప్పుడు హైఫన్లు కూడా పోతాయి.

తెలుగులో ఒత్తు చోటు మారితే మాట అర్థం మారదు. అందుకే మన పిల్లలు ఇంగ్లీషులోనూ అన్ని సిలబుల్స్‌నూ ఒకే బరువుతో పలుకుతారు. పాఠ్యపుస్తకాలు తయారు చేసేవారు ప్రతి విశేషణాన్నీ రెండు వాక్యాల్లో, నామవాచకానికి ముందు ఒకసారి, 'ఈజ్' తర్వాత ఒకసారి, పక్కపక్కనే ఇవ్వాలి. తరగతిలో పలికించేటప్పుడు ప్రతి సిలబుల్‌కూ బల్ల తట్టించకండి. ఒత్తు పడిన చోట మాత్రమే తట్టించండి.

– ఒక ఇంగ్లీషు అధ్యాపకుడు, గుంటూరు