పంతులుకి, పారిస్ నుంచి

ఒరేయ్ పంతులూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. జవాబు రాయలేదు, తప్పు నాదే. ఒంట్లో బాగుంది, గది మారాను, థీసిస్ నడుస్తోంది. మిగతావి తర్వాత. ఇవాళ్టి సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

మధ్యాహ్నం ర్యూ దెజెకోల్ అనే వీధికి వెళ్లాను, ఇక్కడి పేరున్న పెద్ద విద్యాసంస్థ కొలేజ్ ద ఫ్రాన్స్ పక్కనే. 1980 ఫిబ్రవరి 25న ఫ్రెంచి రచయిత, విమర్శకుడు రోలాఁ బార్త్‌ని లాండ్రీ వ్యాన్ గుద్దింది ఆ వీధిలోనే. నెల రోజులకి పోయాడు, 64 ఏళ్లకి. కానీ అక్కడ నిలబడితే నాకు ఆ చావు గుర్తు రాలేదురా. ఆ కొలేజ్‌లో ప్రొఫెసర్ అయ్యేదాకా ఆయన ఎట్లా వచ్చాడా అన్నదే బుర్రలో తిరిగింది.

1934లో క్షయ. తోటివాళ్లు లెక్చరర్లయ్యే వయసులో ఈయన యుద్ధకాలమంతా దాదాపు శానిటోరియంలోనే. మంచం మీదే మిష్లే చరిత్ర పుస్తకాలు చదివి చీటీలు రాసుకున్నాడు. పెద్ద ఉద్యోగాలకి కావాల్సిన అగ్రెగాసియోఁ పరీక్ష లేదు, డాక్టరేటూ లేదు. బుకారెస్ట్‌లో, అలెగ్జాండ్రియాలో పనిచేశాడు. మొదటి పుస్తకం 1953లో, 37 ఏళ్లకి! నా రెండేళ్ల జబ్బు గురించి ఆ రాత్రి మెట్ల మీద నువ్వన్న మాట ఉంది చూడు, అదే.

ఆ తర్వాతే అసలు మజా. రసీన్ నాటకాన్ని ఎంత శ్రద్ధగా చదివాడో కుస్తీ పోటీని, సబ్బు పొడి ప్రకటనని అంతే శ్రద్ధగా చదివాడు. 1964లో పంజానీ పాస్తా ప్రకటన మీద ఒక పెద్ద వ్యాసం. వల సంచిలోంచి బయటికొస్తున్న టమాటాలు, క్యాప్సికం, ఆ రంగులు, ఆ పేరు, అన్నీ కలిసి 'ఇటలీ' అంటున్నాయట. అయితే అది వినపడేది ఫ్రెంచివాడికే, ఇటలీవాడికి పెద్దగా తెలియదు అంటాడు. నువ్వు పచ్చడి సీసా మీద వేసిన పూరిల్లు గుర్తొచ్చింది. పల్లెలో ఉన్నవాడికి ఆ బొమ్మ ఏం చెబుతుంది? కూకట్‌పల్లి ఫ్లాట్‌లో ఉన్నవాడికే కదా! దీని మీద నీతో తెల్లారేదాకా మాట్లాడాలి.

1977 జనవరి 7న కొలేజ్‌లో మొదటి ఉపన్యాసం. మామూలుగా ఈ ఉద్యోగాలకి దారిచ్చే డిగ్రీలు నాకు లేవని అక్కడే, అందరి ముందే చెప్పాడు. నాకైతే ఒళ్లు జలదరించింది.

అదే ఏడు అక్టోబరులో వాళ్లమ్మ పోయింది. దాదాపు జీవితమంతా ఆమెతోనే ఉన్నాడు. పాత ఫొటోలు వెతికితే ఒక్కదాంట్లోనే అమ్మ దొరికిందట. అందులో ఆమెకి అయిదేళ్లు. ఫొటోల మీద రాసిన ఆఖరి పుస్తకంలో ఆ ఫొటో గురించి పేజీలకి పేజీలు రాశాడు కానీ, ఫొటో మాత్రం వేయలేదు. చూసేవాళ్లకి అది మామూలు ఫొటోయేగా అన్నాడు.

నువ్వు పర్సులో పెట్టుకుని ఎవరికీ చూపించని ఫొటో... నేనెప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగను. ఆ పేజీలు చదువుతుంటే మాత్రం పిన్ని వంటింటి గుమ్మంలో నిలబడి

కింద మనవాడు వచ్చేశాడు. రాత్రి ఫ్లైట్‌కి హైదరాబాద్ వస్తున్నాడు, ఇది వాడి చేతికే ఇస్తున్నా. మిగతాది...

నీ
మూడో బెంచీ