స్వయంగా నేర్చుకునే చిత్రకారుల సాధన గురించి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

గురువు లేకుండా చిత్రలేఖనం నేర్చుకున్న వారిని పరిచయం చేస్తూ పత్రికల్లో వచ్చే వ్యాసాలను నేను శ్రద్ధగా చదువుతాను. వాటిలో ‘ఎవరి దగ్గరా నేర్చుకోకుండానే’ అన్న మాట తరచుగా ప్రశంసగా వినిపిస్తుంది. పక్కనే వారి మేలైన చిత్రాలు నాలుగైదు అచ్చవుతాయి. ఆ చిత్రాల దాకా వారు ఏ క్రమంలో సాధన చేస్తూ వచ్చారో, మధ్యలో ఆగిపోయినప్పుడు తిరిగి ఎలా మొదలుపెట్టారో మాత్రం ఎక్కడా ఉండదు. ఉత్సాహంగా పెన్సిలు పట్టి, కొన్ని నెలలకే తమలో ప్రతిభ లేదనుకుని మానేసే వారిని చూసినప్పుడల్లా, వారికి తెలియవలసింది మనం చెప్పకుండా వదిలేసిన ఆ భాగమేనని నాకు అనిపిస్తుంది.

డచ్ చిత్రకారుడు విన్సెంట్ వాన్ గోనే తీసుకోండి. 1880లో, 27 ఏళ్ల వయసులో చిత్రకారుడు కావాలని నిశ్చయించుకున్న ఆయన గురువుల వద్ద, అకాడమీలో గడిపిన కాలం చాలా తక్కువ. అంతమాత్రాన ఆయన నేర్చుకోలేదనడం సరికాదు. ఆ తొలి నెలల్లోనే ఫ్రెంచి చిత్రకారుడు షార్ల్ బార్గ్ రూపొందించిన అభ్యాస చిత్రాలను ముందు పెట్టుకుని వరసగా, మళ్లీ మళ్లీ గీశాడు. 1882లో దూరాలను, వాలును సరిగా పట్టుకోవడానికి దారాలు కట్టిన చట్రం ఒకటి చేయించుకుని, దాని గుండా చూస్తూ గీశాడు. తన గొప్ప చిత్రాలలో అధికభాగం పూర్తిచేసిన తర్వాత, 1890లో, మరణానికి కొద్ది వారాల ముందు కూడా, ఆ బార్గ్ పాఠాలను మళ్లీ గీయాలనుంది, పంపించమని తమ్ముడు తెయోకు ఉత్తరం రాశాడు.

రోజూ గీయాలన్న సంకల్పం చెడడానికి బద్ధకం కంటే ‘ఈ రోజు ఏం గీయాలి’ అన్న సందేహమే ఎక్కువగా కారణమవుతుంది. కాగితం ముందు కూర్చున్నాక ఆ ఆలోచన మొదలైతే ఉన్న అరగంటా దానికే సరిపోతుంది. అందుచేత కొన్ని వారాలపాటు గీయవలసింది ముందే నిర్ణయించుకోవాలి: మొదట పెట్టెలు, గొట్టాల వంటి గుండ్రటి ఆకారాలు వివిధ కోణాల్లో, ఆ తర్వాత చేతివేళ్లు, ఆ తర్వాత మనుషుల భంగిమలు. ఒక్కో భంగిమను 30 సెకన్లలోనో 2 నిమిషాల్లోనో ముగించాలన్న నియమం ఉంటే, కన్ను వివరాల మీదికి పోకుండా, శరీరం బరువు ఏ కాలి మీద ఉందో ముందుగా పట్టుకుంటుంది. రోజుకు 20 నిమిషాలైనా ఒకే వేళకు కూర్చోవడం, సెలవు రోజున నాలుగు గంటలు గీసి వారమంతా పుస్తకం మూసేయడం కన్నా మేలు. ఒక రోజు తప్పిపోతే మర్నాడు రెండింతలు గీసి తీర్చుకోవాలని మాత్రం అనుకోకూడదు. ఆ బాకీ పెరిగిపోయే చాలామంది పూర్తిగా మానేస్తున్నారు.

తప్పు పట్టుకోవడం ఇంతకంటే కష్టం. ఒక వస్తువును చూస్తూ గీసి, తర్వాత దాన్ని చాటున పెట్టి జ్ఞాపకం నుంచి మళ్లీ గీసి, రెండింటినీ వస్తువుతో పోల్చుకుంటే తమకు ఏది తెలియదో ఎవరికి వారికే బయటపడుతుంది. గీసిన ముఖాన్ని అద్దంలో చూస్తే, అప్పటిదాకా గమనించని ఒరుగు, పైకి జరిగిన కన్ను ఇట్టే తెలుస్తాయి. ఫొటో మీద గళ్లు గీసుకుని చేసే నకలు పోలికలు తెప్పిస్తుందే కానీ ఆకారపు లోతును అర్థం చేసుకోవడం నేర్పదు. దాన్నొక్కదాన్నే సాధనగా భావించడం మంచిది కాదని నా నిశ్చితాభిప్రాయం. గీసిన ప్రతి బొమ్మనూ వెంటనే పదిమందికీ చూపాలనుకునే వారు కూడా తమకు వచ్చినవే గీస్తూ ఉండిపోతారు: ఒకే వైపు తిరిగిన ముఖాలు, వీపు వెనుక దాచిన చేతులు. బాగా రాని పేజీలను చింపేయకుండా తేదీ వేసి దాచుకుంటే, ఆరు నెలల తర్వాత అదే వస్తువును మళ్లీ గీసి పక్కన పెట్టి చూసుకోవచ్చు. గురువు లేని వారికి అంతకంటే నమ్మదగిన సాక్ష్యం దొరకదు.

కాబట్టి మీకు నా విన్నపం ఇది. ఇకపై ఇలాంటి చిత్రకారులను పరిచయం చేసేటప్పుడు వారు తొలి ఏడాది బొమ్మలు గీసుకున్న పుస్తకాల నుంచి ఒకటి రెండు పేజీలను, తేదీలతో సహా, మేలైన చిత్రాల పక్కనే ప్రచురించండి. రోజుకు ఎంతసేపు గీస్తారో, ఎవరి బొమ్మలు చూసి నేర్చుకున్నారో, ఇప్పటికీ ఏది గీయడానికి ఇబ్బంది పడుతున్నారో అడగండి. వీలైతే ఆదివారం అనుబంధంలో వారానికొక అభ్యాసాన్ని, ముందువారం దానికి కొనసాగింపుగా, చిన్న పెట్టెలో ఇవ్వండి. అందుకు అర పేజీ కూడా అవసరం లేదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు