గ్రహశకలాల విలువ చెప్పేవారిని ఖర్చు కూడా చెప్పమనండి

ఐక్యరాజ్యసమితి బాహ్య అంతరిక్ష వ్యవహారాల కార్యాలయ డైరెక్టర్ గారికి,

నమస్కారం. సైకీ అనే గ్రహశకలంలోని లోహం విలువ కోటానుకోట్ల డాలర్లని తరచూ చదువుతున్నాం. నేటి ధరతో మొత్తం లోహాన్ని గుణించి చెప్పే లెక్క అది. ప్రపంచ గనుల నుంచి ఏటా వచ్చే ప్లాటినం రెండు వందల టన్నుల లోపే. దానికి ఎన్నో రెట్లు ఒక్కసారిగా వచ్చిపడితే ఆ ధర ఎలా నిలుస్తుంది?

ఖర్చు సంగతి చూడండి. నాసా వారి ఒసైరిస్-రెక్స్ నౌక బెన్ను అనే గ్రహశకలం నుంచి సేకరించి 2023లో భూమికి చేర్చింది 121.6 గ్రాములు, యాత్ర వ్యయం వంద కోట్ల డాలర్లకు పైమాటే. విజ్ఞానం కోసం అది సార్థకమైన ఖర్చు, వ్యాపారానికి మాత్రం గిట్టదు. గ్రహశకలాలను తవ్వుతామంటూ వచ్చిన ప్లానెటరీ రిసోర్సెస్, డీప్ స్పేస్ ఇండస్ట్రీస్ సంస్థలు ఒక్క గ్రామైనా తవ్వకుండానే ఇతరుల చేతుల్లోకి వెళ్లాయి.

నా ఆశ నీటి మీద. కొన్ని శకలాల ఖనిజాల్లోని నీటిని అక్కడే ఇంధనంగా మార్చితే భూమి నుంచి మోసే భారం తగ్గుతుంది. రాకెట్ ప్రయోగాలు చౌకయ్యేకొద్దీ ఆ లాభమూ కరుగుతుందన్నది వేరే చిక్కు.

ఖగోళ వస్తువులు ఏ దేశ సొత్తూ కావని 1967 నాటి అంతర్జాతీయ అంతరిక్ష ఒప్పందం అంటోంది. తవ్వినది తవ్వినవారిదేనని అమెరికా 2015లో, లక్సెంబర్గ్ 2017లో చట్టాలు చేశాయి. అంతరిక్ష వనరులపై మీ వేదికలో జరుగుతున్న చర్చల్లో ధర పడితే నష్టపోయే దక్షిణాఫ్రికా ప్లాటినం గని కార్మికులకూ చోటివ్వండి. పెట్టుబడులు సేకరించే సంస్థలు ధరల పతనాన్ని కూడా లెక్కగట్టి బహిరంగపరచాలనే నిబంధనను సభ్యదేశాల ముందుంచండి.

భవదీయుడు,
ఒక పాఠకుడు