నిమిషానికో చెంచా కూడా వైద్యమే

సంపాదకుల వారికి నమస్కారం.

నేను పిల్లల వార్డులో నర్సును. వాంతులు, విరేచనాల కేసులు పెరిగాయన్న వార్త ఎప్పుడు వచ్చినా పక్కన ఒకే రకం ఫొటో ఉంటుంది. మంచం మీద పసిబిడ్డ, పైన వేలాడే సెలైన్ బాటిల్. చూసీ చూసీ, బాటిల్ పెడితేనే వైద్యం అన్న నమ్మకం జనంలో పాతుకుపోయింది. తల్లిదండ్రులు గుమ్మంలోంచే "ముందు సెలైన్ ఎక్కించండి సిస్టర్" అంటారు. ఓఆర్‌ఎస్ (ఉప్పు, గ్లూకోజ్ ఉన్న పొడి కలిపిన నీళ్లు) తాగిద్దామంటే మొహం చిన్నబోతుంది. బిడ్డ అలా ఉంటే ఎవరికైనా టెన్షన్ సహజమే, వాళ్లను తప్పుపట్టను.

సెలైన్ వద్దని నేను అనడం లేదు. బిడ్డ తోటకూర కాడలా వాలిపోయి పిలిచినా పలకకపోవడం, కళ్లు లోతుకు పోవడం, తాగించినా తాగలేకపోవడం, పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలితే ముడత రెండు సెకన్లు దాటినా పోకపోవడం, వీటిలో రెండు కనిపించినా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. అలాంటి బిడ్డకు కిలో బరువుకు 100 మిల్లీలీటర్ల రింగర్ లాక్టేట్ (లవణాలున్న ద్రవం) గానీ, అది లేకపోతే నార్మల్ సెలైన్ (ఉప్పు నీరు) గానీ ఎక్కించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఏడాది లోపు బిడ్డకైతే 6 గంటల్లో, ఆ పైన వయసు వాళ్లకు 3 గంటల్లో. బాగా బక్కచిక్కిన పిల్లలకు ఈ లెక్క వర్తించదు, వాళ్ల విషయంలో చాలా జాగ్రత్త కావాలి. ఇంకొకటి, "గ్లూకోజ్ ఎక్కించండి" అని అడిగేవాళ్లూ ఉన్నారు. ఉత్త గ్లూకోజ్ నీళ్లతో ఒంట్లోంచి పోయిన ఉప్పు తిరిగి రాదు. సోడియం పడిపోయి ఫిట్స్ కూడా రావచ్చు.

మొన్నొక రాత్రి పది నెలల పాపను తెచ్చారు. నోరు పిడచకట్టుకుపోయి ఉంది. ఒంట్లో నీరు లేని బిడ్డకు నరం దొరకడం చాలా కష్టం. ఈ చేయి, ఆ చేయి, కాలు, మళ్లీ ఈ చేయి. నాలుగోసారికి పసుపు రంగు 24 నంబర్ క్యాన్యులా (నరంలో పెట్టే సన్నని గొట్టం) లోపలికి వెళ్లింది. అన్ని సూదులు గుచ్చినా పాప ఏడవలేదు. ఏడ్చే ఓపిక లేదు. పాప బతికింది. తర్వాత తల్లిని అడిగితే, "ఏం పట్టినా కక్కేస్తోందని నిన్నటి నుంచి నీళ్లు కూడా ఆపేశామండీ" అంది.

వాంతి అయితే ఆపేయకూడదు. పది నిమిషాలు ఆగి, మళ్లీ చెంచాతో మెల్లగా మొదలుపెట్టాలి. ఒక లెక్క చూడండి. నీరు కొంత తగ్గినా ఇంకా తాగగలుగుతున్న 10 కిలోల బిడ్డకు 4 గంటల్లో 750 మిల్లీలీటర్ల ఓఆర్‌ఎస్ కావాలి. అంటే నిమిషానికి 3 మిల్లీలీటర్ల చిల్లర. టీ చెంచాలో 5 పడతాయి. మొదట రెండు నిమిషాలకో చెంచా, బిడ్డ తట్టుకుంటే నిమిషానికో చెంచా పడితే సరిపోతుంది. విరేచనాలు అవుతున్నా పేగు గ్లూకోజ్‌తో పాటు ఉప్పును లోపలికి తీసుకుంటూనే ఉంటుంది, వాటి వెంట నీరూ వెళ్తుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలి సెలైన్ అయిపోతుంటే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, వంటసోడా, గ్లూకోజ్ కలిపిన నీళ్లను రోగుల బంధువుల చేతే తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. ఎన్నో వైద్య పరిశోధనలను కలిపి చూసి 2006లో వెలువరించిన కోక్రేన్ సమీక్ష ప్రకారం, నోటి ద్వారా ద్రవం ఇచ్చిన ప్రతి 25 మంది పిల్లల్లో ఒక్కరికే అది చాలక సెలైన్ అవసరమవుతుంది.

మరి ఆసుపత్రుల్లో ఇది ఎందుకు జరగదు? ఒక నర్సు పది బాటిళ్లు చూసుకోగలదు గానీ పది మంది పిల్లలకు చెంచా పట్టలేదు. అందుకే తల్లికో తండ్రికో నేర్పాలి. ప్రతి పిల్లల ఆసుపత్రిలో ఓఆర్‌ఎస్ కోసం ఒక మూల, కూర్చోవడానికి కుర్చీలు, శుభ్రమైన నీళ్లు, కొలత గ్లాసు, చెంచాలు ఉండాలి. చీటీ మీద "ఓఆర్‌ఎస్ తాగించండి" అని వదిలేయకుండా బిడ్డ బరువు, ఎన్ని గంటల్లో ఎంత పట్టాలో అంకెల్లో రాయాలి. గంటకోసారి నర్సు వచ్చి చూడాలి. ప్యాకెట్ మీద ఎంత నీరు రాసి ఉందో అంత నీటిలో మొత్తం పొడి ఒకేసారి కలపాలని చెప్పాలి. గ్లాసులో కాస్త కాస్త కలిపితే ఉప్పు ఎక్కువై బిడ్డకు ప్రమాదం.

మీకు నా విన్నపం ఒక్కటే. ఈసారి విరేచనాల వార్త వేసినప్పుడు, బాటిల్ ఫొటో ఉన్న చోట ప్రమాద లక్షణాలు, ఓఆర్‌ఎస్ కలిపే తీరు, వాంతయినా ఆపొద్దన్న మాట పెద్ద అక్షరాల్లో వేయండి. ఆ పాప తల్లి రోజూ పేపర్ చదువుతుందట.

ఇట్లు,
పిల్లల వార్డు నర్సు, మీ పాఠకురాలు