బావా, టమాటా నారు ఇప్పుడే పొయ్యరా

ఒరేయ్ బావా,

మొన్న ఫోన్లో నువ్వు "టమాటా మనకి అచ్చిరాదురా, కుండీలన్నీ ఎవరికైనా ఇచ్చేస్తా" అన్నప్పుడు నేను బస్సులో ఉన్నాను, పక్కన ఒకటే గోల, ఏమీ సరిగ్గా చెప్పలేకపోయాను. అప్పట్నుంచీ మనసులో అదే మెదులుతోంది. అందుకే ఇవాళ తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ముందు ఆ కుండీలు ఎవరికీ ఇవ్వకు.

నువ్వు చేసినదాంట్లో తప్పేం లేదు. ఫొటోలు చూశాను కదా, ఆకు ముదురు పచ్చగా ఉంది, మొక్కలు నీ నడుం దాకా వచ్చాయి, పూత గుత్తులు గుత్తులుగా వేసింది. ఒక్క పిందె నిలబడలేదు, అంతే. అది నీ చేతి దోషం కాదురా, నెల దోషం. ఫిబ్రవరి ఆఖర్లో నాటావు, పూతకొచ్చేసరికి ఏప్రిల్ అయింది. హైదరాబాదులో అప్పటికి పగలు 38, 40 డిగ్రీలు. ఎండ 35 దాటిందంటే టమాటా పువ్వులో పుప్పొడి సరిగ్గా పనిచెయ్యదు, రాత్రి కూడా చల్లబడకపోతే మరీ కష్టం. పువ్వు కాడ మధ్యలో మోకాలిలాగా చిన్న కణుపు ఉంటుంది చూడు, పిందె కట్టని పువ్వు ముందు పసుపు రంగుకి తిరిగి సరిగ్గా ఆ కణుపు దగ్గరే ఊడి పడిపోతుంది. నువ్వు పొద్దున్నే డాబా మీద ఊడ్చి పోసినవన్నీ అవే. ఇంకో రెండు బిందెలు నీళ్ళు పోసినా, ఎంత ఎరువు వేసినా అవి నిలబడేవి కావు.

కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టు. వినాయక చవితి వెళ్ళింది, ఇప్పుడు నారు పోస్తే దసరా నాటికి నాటడానికి వస్తుంది, చలి మొదలయ్యాక పూత, సంక్రాంతికి ఇంట్లో నీ టమాటాలే. మా తెనాలిలో నేను నాలుగేళ్ళుగా ఇదే లెక్క తప్పకుండా చేస్తున్నాను.

నారు పెరుగు డబ్బాలో పోసినా చాలు, అడుగున చిల్లులు పెట్టు. గింజ అర అంగుళం లోతు దాటకూడదు. వారంలోపే మొలకలొస్తాయి. 25 రోజులకి జానెడు నారు అవుతుంది, అప్పుడు సాయంత్రం పూట నాటు, పొద్దున నాటితే ఎండకి వాడిపోతుంది. నాటేటప్పుడు కింది ఆకులు తుంచేసి కాండం సగం దాకా మట్టిలో పూడ్చెయ్. వంగ మొక్కకి అలా చెయ్యంగానీ టమాటాకి చెయ్యాలి, మట్టి తగిలిన కాండం పొడుగునా వేళ్ళు వేస్తుంది. కుండీకి ఒక్కటే మొక్క, రెండు పెట్టాలని ఆశపడకు. మట్టి నీకు తెలిసిందే, ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కాస్త కొబ్బరిపొట్టు, గుప్పెడు వేపపిండి.

నాటిన రోజే కర్ర పాతెయ్యాలి, తర్వాత పాతితే వేళ్ళు తెగుతాయి. మొక్క ఎదిగాక ఆకుకీ కాండానికీ మధ్య సందులో పిలకలు వస్తుంటాయి, కింద వచ్చినవి గోటితో గిల్లేస్తూ ఉండు. ఆ పని చేశాక చేతులు చూసుకో, వేళ్ళన్నీ పసుపు పచ్చగా మారి, సబ్బు పెట్టి రుద్దితే నురగ కూడా ఆకుపచ్చగా వస్తుంది. ఆ ఆకు వాసన నాకు ఎంత ఇష్టమో చెప్పలేను, కాయ వాసన కంటే అదే ఎక్కువ ఇష్టం.

నిజంగా టెన్షన్ పెట్టేది ఆకుముడత. తెల్లదోమ మోసుకొస్తుంది. పై ఆకులు చిన్నవై, పసుపెక్కి, గిన్నెల్లా పైకి ముడుచుకున్నాయంటే ఇక ఆ మొక్కకి మందు లేదు. పోయినేడు నాకు ఆరింటిలో రెండింటికి వచ్చింది. ఒకటి వెంటనే పీకేశాను, రెండోది పూత మీద ఉంది కదా అని మనసొప్పక వదిలేశాను, పది రోజుల్లో పక్క మొక్కకి అంటుకుంది. నువ్వు మాత్రం ఆగకు, అనుమానం రాగానే పీకి సంచిలో మూట కట్టి పడెయ్. దోమ రాకుండా పసుపు అట్టకి ఆముదం రాసి మొక్కల మధ్య వేలాడదీయ్, వారానికోసారి లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్ళు కలిపి ఆకు అడుగున తగిలేలా కొట్టు. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళ అర్క రక్షక్ అనే హైబ్రిడ్ ఆకుముడతని తట్టుకుంటుంది, ఎండు తెగులునీ తట్టుకుంటుంది, ఈసారి రెండు కుండీల్లో అది వెయ్. మిగతావాటిలో నాటు రకం. చారుకి ఆ పులుపు హైబ్రిడ్‌లో రాదు, ఈ విషయంలో నేను ఎవరితోనైనా వాదిస్తాను.

నీళ్ళ సంగతి ఒకటి మర్చిపోకు. ఓసారి పెళ్ళికని నాలుగు రోజులు ఊరెళ్ళి, మొక్కలు వాడిపోయాయని వచ్చీరాగానే కుండీలు పొంగేదాకా పోశాను. ఆ తర్వాత పిందెల అడుగు నల్లగా, తోలులా అయిపోయింది, ఎదిగిన కాయలు పగిలాయి. పురుగూ కాదు, తెగులూ కాదు. నీళ్ళు ఒకరోజు మానేసి ఒకరోజు ముంచేస్తే కాయకి కాల్షియం అందక అడుగు అలా నల్లబడుతుంది, ఒక్కసారే నీళ్ళెక్కి కాయ పగులుతుంది. రోజూ ఒకే వేళకి, ఒకే కొలత. మట్టి మీద ఎండుటాకులు పరిస్తే తడి ఆరదు.

కోత దగ్గర మా ఇంట్లో ఇంకా గొడవే, మా ఆవిడ చెట్టు మీదే పండాలంటుంది. నేను చెప్పేది ఏంటంటే, కాయ అడుగున లేత గులాబీ రంగు చుక్కలా మొదలవుతుంది చూడు, ఆ దోర మీదే కోసెయ్. అప్పటికి కాయ తనంతట తాను పండటానికి సిద్ధమైపోయి ఉంటుంది, చెట్టు మీద ఉంచితే ఉడుతలకే. కోసేటప్పుడు కూడా ఇందాక చెప్పానే ఆ కణుపు, అక్కడ బొటనవేలు ఆనించి పైకి వంచితే టక్కున వచ్చేస్తుంది, లాగక్కర్లేదు. తెచ్చి బుట్టలో ముచ్చిక కిందికి వచ్చేలా ఒకే వరస పేర్చు, ఒకదాని మీద ఒకటి వెయ్యకు. ముగ్గడానికి ఎండ అక్కర్లేదు, వంటింటి నీడ చాలు. తొందరైతే పక్కన ఒక అరటిపండు పెట్టు. ఫ్రిజ్‌లో మాత్రం పచ్చివి పెట్టకు, ఆ చలికి రంగూ రాదు, వాసనా పోతుంది.

ఇంత పని దేనికి, బజార్లో దొరకవా అన్నావు. 2023 జూలై గుర్తుందా, మదనపల్లె మార్కెట్లోనే కిలో 200 దాకా వెళ్ళింది. మళ్ళీ సెప్టెంబరుకి కర్నూలు వైపు రైతులు కూలి ఖర్చు కూడా రాక పారబోశారు. టీవీలో ఆ ఎర్రటి కుప్పలు చూసి మా అమ్మ అన్నం ముందు నుంచి లేచిపోయింది. కిలో టమాటా వెనక ఎంత చాకిరీ ఉందో ఆరు మొక్కలు పెంచాకే నాకు అర్థమైంది. అప్పట్నుంచి రైతుబజార్లో టమాటా దగ్గర బేరం మానేశాను.

జనవరి ఆఖర్లో అన్నీ ఒక్కసారే పండుతాయి, అప్పుడు కంగారుపడకు. సగం నిల్వ పచ్చడికి. మాగాయ పద్ధతే అనుకో. కడిగి, తుడిచి, తడి పూర్తిగా ఆరాక ముక్కలు కోసి, ఉప్పు, పసుపు కలిపి జాడీలో మూడు రోజులు ఊరనిచ్చి, ముక్కల్ని గట్టిగా పిండేసి, అవి వేరుగా, ఊట వేరుగా ఎండబెట్టాలి. చింతపండు ఆ ఊటలోనే నానాలి, నీళ్ళ చుక్క తగలకూడదు. మా అమ్మ కొలత కిలోకి ఉప్పు, కారం 100 గ్రాముల చొప్పున, చింతపండు 75. తర్వాత రుబ్బి మెంతిపిండి, ఆవపిండి కలిపి నువ్వుల నూనె పోపు. మిగతా సగం ఒరుగులు చెయ్, సన్నగా చక్రాల్లా తరిగి ఉప్పు చల్లి పల్చటి గుడ్డ కప్పి నాలుగైదు ఎండలు పెట్టు. వంచితే ఫట్‌మని విరగాలి, సాగితే ఇంకో ఎండ కావాలి, లేకపోతే బూజు పడుతుంది. ఆగస్టులో పప్పులో నాలుగు ఒరుగులు వేసి చూడు, అప్పుడు నాకు ఫోన్ చేస్తావు.

ఈ కవర్లోనే నాటు గింజలు పెట్టాను, పోయినేడు ఆకుముడత సోకని మొక్క మొదటి గుత్తిలోవి. గుజ్జుతో సహా రెండు రోజులు నీళ్ళలో పులియబెట్టి, జిగురు పోయాక కడిగి నీడన ఆరబెట్టాను. నలభై దాకా ఉంటాయి. ఇరవయ్యే నారు పొయ్, మిగతావి చెల్లెమ్మకిచ్చి పోపులపెట్టె పక్కన దాచమను. నీ దగ్గరైతే పోతాయి.

నీ
బావ